మరిపెడకు పోయిన సగం కబురు

భానుచందర్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని హన్మకొండ చౌరస్తా అంతటికీ తెలుసు. కాకపోతే ఆ కోపం మనుషుల మీద కాదు, వస్తువుల మీద. జిరాక్స్ మిషన్లో కాగితం ఇరుక్కుంటే ఆ మిషన్ తాతముత్తాతలను లేపి తిడతాడు. స్టేప్లర్ పిన్ను వంగితే దాన్ని చేసినవాణ్ణి తిడతాడు. గిరాకీతో మాత్రం మెత్తగా మాట్లాడతాడు. తాత పెట్టిన కాగితాల దుకాణం అది. నోటుబుక్కులు, పెండ్లికార్డుల కవర్లు, జిరాక్సు, లామినేషను అమ్ముకుంటూ కూర్చున్న మనిషికి యాభై దాటాక ఒక పిచ్చి పట్టింది, బజారులో మనుషుల గురించి రాయాలని.

ప్రతి గురువారం ఒక మనిషి. గొడుగులు బాగుచేసే ఆయన ఒక వారం, చెరుకురసం బండి ఆమె ఇంకో వారం. బ్లాగుకు 'మన బజారోళ్లు' అని పేరు పెట్టాడు. దానికి ఆయన పెట్టుకున్న నియమం ఒకటే, బతికున్నవాళ్ల గురించే రాయాలి. పోయినవాళ్ల గురించి వేయడానికి పేపర్లు ఉండనే ఉన్నాయి, మనిషి ఉండగా నాలుగు మంచి మాటలు చెప్పడానికే ఎవరికీ తీరిక లేదు అనేవాడు. మాట మంచిదే, కాదనలేం.

రాత మాత్రం ఎప్పుడూ ఒక్క తీరుగానే మొదలయ్యేది. మన దగ్గర కొత్త మనిషి కనబడితే ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఇంటిపేరేంది అని అడిగాక గదా మంచినీళ్లయినా ఇస్తాం. భానుచందర్ కూడా అంతే. ఊరు, ఇంటిపేరు, తండ్రి, మొగడు, తోడబుట్టినవాళ్లు, అందరికీ గారు తగిలించి, ఆ వరసంతా అయ్యాక గానీ అసలు మనిషిని గడప దాటనిచ్చేవాడు కాదు. మీ రాతలో మనిషి వచ్చేలోపల చాయ్ చల్లారుతదని భార్య పద్మలత చాలాసార్లు అన్నది. ముందూ వెనకా లేకుండా మనిషేంది అని ఆయన వాదన.

రాసినదాన్ని జనానికి చేర్చడం దగ్గర కూడా ఆయనది సొంత దారి. వాట్సాప్ గ్రూపులంటే ఒళ్లు మంట. గులాబీ పువ్వు కింద శుభోదయం, దాని కింద ఇంకొకరి శుభోదయం, వాటి మధ్య తన రాత ఎవరి కంటికి ఆనుతుంది? అందుకే ఫీడ్ అనేవాడు. ఫీడ్ అంటే పేపర్ వేయించుకోవడం లాంటిదే. ఒకసారి ఫోనులో యాప్ పెట్టుకుని బ్లాగు పేరు చెప్పి ఉంచితే చాలు, కొత్తది రాసినప్పుడల్లా దానంతట అదే వచ్చి గడపలో పడుతుంది. దుకాణానికి వచ్చినవాళ్ల ఫోన్లు అడిగి తీసుకుని ఆయనే యాప్ వేసి ఇచ్చేవాడు. చాలామంది ఇంటికి పోయి తీసేసేవాళ్లు. తీసేయకుండా ఉంచుకున్నవాళ్లలో మరిపెడ యాకయ్య ఒకడు.

యాకయ్యకు మరిపెడలో రోడ్డు మీద హోటల్ ఉంది. ఒకప్పుడు బిల్లు పుస్తకాల కోసం వచ్చి భానుచందర్ దుకాణంలో గంటలు గంటలు కూర్చునేవాడు. గురువారం పొద్దున్నే చదివి, బాగుంటే బాగుందని, లేకుంటే ఈసారి పస లేదని ఫోన్ చేసేవాడు. రాసేవాడికి అంతకంటే ఏం కావాలి. ఇప్పుడు హన్మకొండ రావడం మానేశాడు గానీ చదవడం మానలేదు. రావడం ఎందుకు మానేశాడంటే, భానుచందర్ దుకాణానికి ఎదురుగా రోడ్డు అవతల పూలమ్మే సోమక్క ఆయన సొంత అక్క. అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

యాకయ్య బిడ్డ స్రవంతి పెండ్లి దగ్గర వచ్చింది ఆ తేడా. పనుల తొందరలో ఉండి యాకయ్య అక్కకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. వాడకట్టులో పరాయివాళ్లను కూడా బొట్టు పెట్టి పిలిచినవాడు తోడబుట్టినదాన్ని ఫోన్లో పిలుస్తాడా అని సోమక్క పోలేదు. మేనత్త లేకుండా బిడ్డ పెండ్లి చేయాల్సి వచ్చింది, నలుగురిలో తల తీసేసినట్టయిందని యాకయ్య అలిగాడు. అక్క నంబరు బ్లాక్ చేశాడు, ఆమె ఉన్న గ్రూపుల్లోంచి బయటికి వచ్చాడు. రాఖీ పున్నమికి కూడా గడప తొక్కలేదు. ఎవరైనా నడుమ పడి సర్దబోతే సోమక్క పేరు వినబడగానే ఫోన్ కట్ చేసేవాడు. భానుచందర్‌కు కూడా ఆ మర్యాద జరిగింది.

సోమక్క గురించి రాస్తానని భానుచందర్ ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. నా గురించి ఏమున్నది సేటూ, పూలు కట్టుడే గదా అని ఆమె తప్పించుకునేది. ఈ మధ్య ఒక మధ్యాహ్నం బేరం లేని వేళ తనే రోడ్డు దాటి వచ్చింది. రాయి గానీ ఒక మాట మాత్రం తప్పకుండా రాయాలె, అది మా తమ్ముడు చదవాలె అన్నది. ఆమె చెప్పింది విని భానుచందర్ చేతిలో పెన్ను కింద పెట్టేశాడు.

"పెండ్లికి పోలేదని అందరు అనుకుంటాండ్రు సేటూ. నేను పోయిన. ఒళ్లె బుట్ట పెట్టుకోని మరిపెడ బస్సుల పోయిన. పిల్ల తల మీది పూలజడ నేనల్లిందే. ఫంక్షన్ హాల్ గేటు కాడ డెకరేషనోళ్ల చేతుల పెట్టి, ఎవలిచ్చిండ్రో చెప్పొద్దన్న. బొట్టు పెట్టి పిలువకపాయె, ఎట్ల లోపలికి పోను?"

గేటు ఇవతల నుంచే పిల్లను చూసుకుని తిరుగు బస్సు ఎక్కిందట. ఈ సంగతి మొగడు కట్టయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరితోనైనా చెప్పి పంపొచ్చు గదా అంటే తల అడ్డంగా ఊపింది. నడుమ మనిషి నోట పోతే అక్క కాళ్లబేరానికి వచ్చిందన్నట్టు ఉంటది, నీ రాతయితే అందరికి పోయినట్టే వానికీ పోతది, ఎవలి మొఖం చూడకుండ వాడే సదువుకుంటడు అని ఆమె లెక్క. భానుచందర్‌కు ఆ లెక్క నచ్చింది. తన బ్లాగు ఒక మనిషికి ఇంత అవసరం పడటం అదే మొదలు మరి.

ఆ వారమంతా కూర్చుని రాశాడు. సోమక్క మాటలను ఆమె అన్నది అన్నట్టే చివరన పెట్టాడు, విందులో తీపి దాచి పెట్టినట్టు. మొదట ఎప్పటిలాగే ఊరూ పేరూ వరస. పద్మలత చదివి కళ్లు తుడుచుకుంది, ఆ మొదటి వరస తీసేస్తే ఏం పోయింది అని కూడా అన్నది. ఆయన విన్నట్టు లేదు.

అక్కడితో ఆగి, రాసింది రాసినట్టు వేసేస్తే ఈ కథే లేకపోయేది. కానీ పనిని దాని మానాన పోనివ్వడం భానుచందర్ జాతకంలో లేదు. పాత ఫీడ్ మీద ఆయనకు చాలా కాలంగా గుర్రుగా ఉంది. గొడుగుల ఆయన గురించి రాసినప్పుడు ఊరి పేరు తప్పు పడింది. బ్లాగులో వెంటనే దిద్దాడు గానీ అప్పటికే ఫోన్లలోకి పోయినదానిలో తప్పు తప్పుగానే మిగిలింది. యాకయ్య ఫోన్ చేసి, ఆయనకు ఊరే మార్చినవు గదా సేటూ అని నవ్వాడు. సోమక్క విషయంలో అట్లాంటిది జరగకూడదు, దిద్దితే దిద్దినట్టు పోవాలి, ఫోటో కూడా సరిగ్గా కనబడాలి. కాబట్టి అన్నింటికంటే మంచి ఫీడ్ ఏదో తేల్చుకుని అందులోనే పంపాలని పట్టుబట్టాడు.

నయీంనగర్‌లో వెబ్‌సైట్లు చేసి పెట్టే రమాకాంత్‌ను పట్టుకున్నాడు. ఫీడ్లలో రకాలున్నాయి, ఆరెస్సెస్ ఒకటి, ఆటమ్ ఒకటి అని రమాకాంత్ చెప్పాడు. ఇప్పుడు వాడుతున్నది ఆరెస్సెస్, పాతది, సులువుది, ఎక్కడైనా నడుస్తుంది, అదే ఉంచుకోండి అన్నాడు. తెల్లారి దుకాణానికి వచ్చి, ఆటమ్ అయితే పద్ధతిగా ఉంటుంది, దిద్దుబాట్లకు కూడా దారి ఉంది అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చేసి, ఇంకోటి కొత్తది వచ్చింది, జేసన్ ఫీడ్ అని, చేసేవాళ్లకు అదే తేలిక అన్నాడు. చివరికి విసుగొచ్చి, ఈ రోజుల్లో ఫీడ్లు ఎవరు చదువుతున్నారు అంకుల్, పూలామె మీద ఒక రీల్ చెయ్యండి అని కూడా అన్నాడు. భానుచందర్ ఆ రోజు జిరాక్స్ మిషన్‌ను తిట్టిన తిట్లు నిజానికి రమాకాంత్‌కు చెందాల్సినవి.

ఇక తనే చదువుకుంటానని కూర్చున్నాడు. ఇంగ్లీషులో వ్యాసాలు, వాటి కింద వాదులాటలు. ఒకడు ఆరెస్సెస్ చచ్చిపోయింది అంటాడు, ఇంకొకడు అది చావదు అంటాడు. ఒకడు పూర్తి పాఠం పంపమంటాడు, ఇంకొకడు కొంచెమే పంపితే జనం సైటుకు వస్తారంటాడు. అందరూ కలిసి చివరికి తేల్చేది మాత్రం ఒకటే, ఏది మంచిదో నీ అవసరాన్ని బట్టి ఉంటుందని. చదివీ చదివీ ఆయనకు తల వాచిపోయింది. అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణుగుడు.

"నా అవసరాన్ని బట్టి అంట. నా అవసరం మరిపెడ. మరిపెడకు ఏది పోతదో చెప్పుమంటే ఒక్కడు చెప్పడు."

ఇప్పుడున్నది మరిపెడకు పోతనే ఉన్నది గదా, దాన్నెందుకు కెలుకుడు అని పద్మలత అడిగింది. లోకంలో ఇంతకంటే తెలివైన ప్రశ్న ఆ వారంలో ఎవరూ అడగలేదు. భానుచందర్ చేయి కడుక్కుని లేచిపోయాడు.

ఆఖరికి ఆటమ్ మీద మనసు నిలిచింది. అందులో దేని గది దానికి ఉంది. సారాంశానికి ఒక గది, పూర్తి పాఠానికి ఒక గది, ఎప్పుడు రాశారో, ఎప్పుడు దిద్దారో అన్నింటికీ వేరువేరు గదులు. సరుకును అరల్లో సర్దుకుని బతికే కాగితాల వ్యాపారికి అది నచ్చకుండా ఎట్లా ఉంటుంది? రమాకాంత్ అంతా మార్చి పెట్టాడు. సారాంశం గదిలో ఏం పెట్టమంటారు అంకుల్ అని ఒక్క మాట అడిగాడు. ఏదో ఒకటి పెట్టు, పూర్తి పాఠం పోతే చాలు అన్నాడు భానుచందర్. రాతలోని మొదటి నాలుగు ముక్కలు వాటంతట అవే ఆ గదిలోకి వచ్చేటట్టు రమాకాంత్ పెట్టాడు.

ఫోటో పద్మలత తీసింది. సోమక్క తన జాగాలో కూర్చుంది. పైన కట్టెకు వేలాడదీసిన బంతిపూల దండలు అటూ ఇటూ దిగి ఉన్నాయి, మధ్యలో ఆమె ముఖం. నవ్వమంటే నవ్వలేదు. ఫోటో అంటే బిగుసుకుపోయే మనిషి ఆమె.

గురువారం పొద్దున దుకాణం తీయగానే అగరొత్తి వెలిగించి, రాతను బ్లాగులోకి ఎక్కించాడు. తన ఫోనులో చూసుకున్నాడు, మొత్తం వచ్చింది. కంప్యూటర్‌లో చూసుకున్నాడు, మొత్తం వచ్చింది. రోడ్డు అవతల సోమక్క మల్లెలు కడుతూ ఏమీ అడగలేదు. కానీ ఆమె తల ఎత్తినప్పుడల్లా చూపు ఇటే వస్తోందని భానుచందర్‌కు తెలుస్తూనే ఉంది.

ఇంతలో కొత్త తలనొప్పి. ఫీడ్ మార్చేసరికి పాత రాతలన్నీ కొత్తగా రాసినట్టు మళ్లీ అందరి ఫోన్లలో పడ్డాయి. ఉన్న కొద్దిమంది పాఠకులూ ఒకరి వెంట ఒకరు ఫోన్ చేసి, ఏంది సేటూ, చెరుకురసం ఆమెను మళ్ల రాసినవు అని అడగడం మొదలుపెట్టారు. ఆయన రమాకాంత్‌కు ఫోన్ కలిపి, గొంతు పోయేదాకా అరిచాడు. మార్చినప్పుడు ఒకసారి అట్లనే అవుతుంది అంకుల్ అని రమాకాంత్ చల్లగా చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే మీరు అడగలేదు అన్నాడు. ఫోన్ పెట్టేసి చూసుకుంటే, ఆ గొడవలో యాకయ్య దగ్గర నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి.

భానుచందర్ కోపమంతా ఎటు పోయిందో తెలియదు. తిరిగి చేస్తే కవరేజీలో లేదని వచ్చింది. అయినా సరే, రోడ్డు దాటి సోమక్క ముందుకు పోయి, చదివిండు సోమక్కా, చదివి ఊకోలేక నాకు ఫోన్ల మీద ఫోన్లు చేసిండు అని చెప్పాడు. ఆమె చేతిలో దారం ఆగిపోయింది. ఏమన్నడు అని అడగలేదు. తడిగానే ఉన్న పూల మీద ఇంకోసారి నీళ్లు చల్లింది. ఆ నీళ్లు చల్లడం చూసి భానుచందర్‌కు తను పడ్డ తిప్పలన్నీ సార్థకం అయినట్టు అనిపించింది.

మధ్యాహ్నం కావొస్తుండగా యాకయ్య స్వయంగా వచ్చాడు. బస్టాండ్ నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, చంకలో పెద్ద సంచి, నోటికి అడ్డం తువ్వాల. కళ్లు వాచి ఉన్నాయి. నేరుగా భానుచందర్ దుకాణం మెట్లెక్కి, ఇంటికి తీసుకపోయిండ్రా, ఇంక దవాఖాన్లనే ఉన్నదా అని అడిగాడు. ఇల్లు మారిందని విన్నా, నాకు ఇల్లు ఎర్క లేదు, వెనక బండిలో మావోళ్లంతా వస్తాండ్రు, జర ఇల్లు చూపియ్యి సేటూ అన్నాడు.

ఎవరిని తీసుకపోవుడు అని భానుచందర్ అడిగాడు. యాకయ్య ఫోన్ తీసి చేతిలో పెట్టాడు. అందులో బంతిపూల దండల మధ్య నవ్వని సోమక్క ముఖం. దాని కింద భానుచందర్ సొంత రాత.

'మరిపెడ వాస్తవ్యులు కీర్తిశేషులు గుండెబోయిన ఎల్లయ్య గారి జ్యేష్ఠ పుత్రిక, వరంగల్ రంగశాయిపేట నివాసి ఆటో కట్టయ్య గారి ధర్మపత్ని, మరిపెడ హోటల్ యాకయ్య గారి ఏకైక సోదరి, హన్మకొండ చౌరస్తా పూల వ్యాపారి శ్రీమతి సోమక్క గారు…'

అంతే. ఎప్పుడూ ఆ వరస కింద మనిషి బతుకంతా ఉండేది, ఈసారి ఆ చుక్కల తర్వాత ఏమీ లేదు; దండల నడుమ అక్క ముఖం చూసినవాడికి బతికున్నవాళ్ల నియమం ఎక్కడ గుర్తుంటుంది? యాకయ్య ఫోనులోది ఎప్పుడో భానుచందరే వేసి ఇచ్చిన పాత యాప్. రెండు గదులున్న ఫీడ్ వస్తే మొదటి గది తలుపు తీసి, ఇల్లంతా ఇదే అనుకునే రకం. కింద సన్నగా లింకు ఉంది గానీ, ఫోనులో వచ్చిన లింకు ఏదైనా సరే నొక్కొద్దని స్రవంతి తండ్రికి గట్టిగా చెప్పి పెట్టింది. భానుచందర్ తన రాతను మొదటిసారి పేపర్లో సంతాపం చదివినట్టు చదువుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. రోడ్డు అవతలికి చేయి చూపించాడు.

యాకయ్య తిరిగి చూశాడు. దండల మధ్య సోమక్క కూర్చుని, ఎవరికో మూర మల్లెలు కొలిచి ఇస్తోంది.

అతను రోడ్డు ఎట్లా దాటాడో భానుచందర్‌కు గుర్తు లేదు, బస్సు హారన్ మాత్రం గట్టిగా వినబడింది. వెనకే తనూ ఉరికాడు. యాకయ్య అక్క ముందు నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. సోమక్క తమ్ముడి ముఖం చూసింది, తర్వాత సంచి చూసింది. సంచిలోంచి ఎర్రంచు చీర మడత, గాజుల డబ్బా, పసుపు కుంకుమల పొట్లాలు కనబడుతున్నాయి. ముత్తైదువ పోతే పుట్టింటివాళ్లు ఏం తెస్తారో ఆ పూలవరసలో తెలియని ఆడమనిషి లేదు. అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఎవలు పోయిండ్రురా?" అని సోమక్క అడిగింది.

"నువ్వే."

అన్నాడు యాకయ్య. అప్పటిదాకా దుఃఖంగా ఉన్నది అతనికి ఒక్కసారిగా కోపమైంది. కాకి దన్నిందా నిన్ను, దన్నితే ఇంకోలకు పంపకపోయినవా కబురు, తొవ్వ పొడుగునా ఏడ్చుకుంట వచ్చిన గదా అని అరిచాడు. తల మీద కాకి తన్నితే కీడని, మనిషి పోయిందని చుట్టాలకు అబద్ధం కబురు పంపి వాళ్లు ఏడిస్తే ఆ కీడు పోతుందని మన దగ్గర ఒక పద్ధతి. పూలవరస అంతటికీ ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. కాకే అయ్యుంటది, మొన్న గా కరెంటు తీగ మీద ఉండె అని ఒకామె, ఏడ్చిండు గదా ఇగ ఫికర్ లేదు అని ఇంకొకామె. కాకి కాదు, సారాంశం గది, ఆటమ్ ఫీడ్, పాత యాప్ అని భానుచందర్ వాళ్లందరికీ చెప్పబోయాడు. ఒక్కరూ వినలేదు. వారం రోజులు తల బద్దలు కొట్టుకుని చదివిన చదువంతా కాకి తన్నుకు ఆగలేకపోయింది.

సోమక్కకు మాత్రం కాకి గొడవ పట్టలేదు. నేను రాయించింది సదివినవా అని తమ్ముణ్ణి అడిగింది. సదివిన అన్నాడు. అంత సదివినవా అంటే, ఉన్నదంత సదివిన అన్నాడు. అప్పుడు ఆమె భానుచందర్ వైపు చూసింది. ఆ చూపులో తిట్టు ఉన్నా బాగుండేది. ఏమీ లేదు, చేతికిచ్చిన వస్తువు పగలగొట్టుకుని వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆగు యాకయ్యా, మిగతాది నేను చదువుతా అని తన ఫోన్ తీసి బ్లాగు తెరిచాడు. తెరుచుకోవాలి గదా. తెర మధ్యలో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. చేయి పైకెత్తి పట్టుకున్నాడు, రెండడుగులు పక్కకు జరిగాడు, ఎప్పటిలాగే ఫోన్‌ను చేసినవాణ్ణి తిట్టాడు. యాకయ్య ఆ తిప్పలు కాసేపు చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"జడ సంగతేనా?" అన్నాడు.

సోమక్క తల ఎత్తింది.

"అది నాకు ఎర్కనే అక్కా. జడ కుచ్చుల కాడ అమ్మ ఏసే ముడి ఉండె. ఆ ముడి ఇంకెవలేస్తరు? పిల్ల పీటల మీద కూసున్నంక చూసిన. గేటు కాడికి ఉరికి వచ్చేవరకు బస్సు పోయింది. గేటు దాక వచ్చి లోపలికి రాకపోతివి, గదే నా కోపం."

సోమక్క ఒళ్లో మల్లెలు ఒక్కొక్కటే తీసి బుట్టలో వేసింది. బొట్టు పెట్టి పిలువకపోతివి గదరా అన్నది చివరికి, గొంతు తగ్గించి. పిలువకపోతి అని యాకయ్య ఒప్పుకున్నాడు. అంతకంటే చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. భానుచందర్ చేతిలో బ్లాగు అప్పుడు తెరుచుకుంది, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా. దానితో ఎవరికీ పని లేదు.

వెనక వస్తున్న బండి జనం చౌరస్తాకు చేరకముందే ఆపాలని యాకయ్యకు గుర్తొచ్చి, ఫోన్ చేసి దారిలోనే ఆగమన్నాడు. బయలుదేరబోయి, చంకలో సంచి చూసుకుని ఆగిపోయాడు. చావుకని తెచ్చిన చీర తిరిగి ఇంటికి పట్టుకుపోకూడదు. బతికున్న మనిషి చేతిలో పెట్టనూ కూడదు. సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు. పూలవరసలో ఎవరికీ ఏం చెప్పాలో తోచలేదు, పద్ధతులన్నీ తెలిసినవాళ్లకు కూడా.

సోమక్క చేతులు చీరకు తుడుచుకుని, సంచిలోంచి ఆ చీర తనే బయటికి లాగింది. అంచు వేళ్ల మధ్య పెట్టి, దుకాణంలో కొనేటప్పుడు చూసినట్టు చూసింది. మంచిదే తెచ్చినవ్ అన్నది. చీరను ఒళ్లో పెట్టుకుంది. గాజుల డబ్బా, పసుపు పొట్లం పక్కన పెట్టుకుంది. కుంకుమ పొట్లం మాత్రం తమ్ముడి చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"చీర ఇప్పుడే కట్టుకుంట. నేను పోయిననాడు ఇంకోటి తేవాలె నువ్వు. ఇది మాత్రం పట్కపో. ఇంటికి వచ్చి పిలిచేటప్పుడు కావాలె."

యాకయ్య పొట్లం అంగీ జేబులో వేసుకుని బస్టాండ్ వైపు నడిచాడు.

భానుచందర్ దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. ఫోన్ మోగుతూనే ఉంది. పాత యాప్ ఉన్న ప్రతి పాఠకుడూ, పాపం సోమక్క మంచి మనిషి, ఎట్లా జరిగింది అని అడుగుతున్నాడు. బతికే ఉన్నది, పూలు కడుతున్నది అని అందరికీ చెప్పుకుంటూ పోయాడు. నడుమ ఆపి రమాకాంత్‌కు ఫోన్ చేసి పాత ఫీడ్ మళ్లీ పెట్టమన్నాడు. పెడతా గానీ అంకుల్, మారిస్తే పాతవన్నీ ఇంకోసారి అందరికీ పోతాయి అన్నాడు రమాకాంత్. భానుచందర్‌కు తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. పోతే పోనీ, ఈసారి మనిషి ముందు రావాలె, ఇంటిపేర్లు తర్వాత అని చెప్పి, సోమక్క రాతను తీసి పైన ఉన్న వరసంతా కొట్టేయడానికి కూర్చున్నాడు.

తల ఎత్తి చూసేసరికి మరిపెడ బస్సు బస్టాండ్ దాటి చౌరస్తాలో మలుపు తిరుగుతోంది. కిటికీ పక్కన యాకయ్య కూర్చుని ఉన్నాడు. అక్క వైపు చూడలేదు, దుకాణం వైపూ చూడలేదు. అంగీ జేబు మీద చెయ్యి పెట్టి, పొట్లం ఉందో లేదో తడిమి చూసుకుంటున్నాడు.